లేని సవతి: ‘రెబెకా’ నవలలో అసూయ చేసే పని

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ నవలలో మధ్యలో వచ్చే పెద్ద మలుపు, చివరికి ఏమవుతుందన్నది, రెండూ ఈ సాయంత్రం చెప్పేస్తాను. అవి చెప్పకుండా ఈ పుస్తకం గురించి మాట్లాడితే పైపైన మాట్లాడినట్టే ఉంటుంది. ఇంకా చదవని వాళ్ళు కంగారు పడకండి, కథ తెలిసినా పట్టు తగ్గని నవల ఇది. ఇంకా చెప్పాలంటే, కథ తెలిశాక చదివితేనే రచయిత్రి మనల్ని ఎక్కడెక్కడ ఏమార్చిందో కనబడుతుంది.

నవల పేరు ‘రెబెకా’. రాసింది డాఫ్నీ డ్యూ మోరియే అనే ఇంగ్లిష్ రచయిత్రి. 1938లో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అచ్చులో ఉంటూనే ఉంది. పబ్లిషర్లు దీన్ని గొప్ప ప్రేమకథగా అమ్మారు, చాలామంది పాఠకులు కూడా అలాగే చదివారు. డ్యూ మోరియేకి అది నచ్చలేదు. తాను రాసింది అసూయ గురించి అని ఆవిడ చెబుతూ వచ్చింది. నేను ఆవిడ మాటే నమ్ముతాను. నేను చెప్పాలనుకున్నది కూడా అదే: ఒక హత్య చేసిన మనిషి పట్టుబడకూడదని మనం మనస్ఫూర్తిగా కోరుకునేలా చేస్తుందీ నవల, ఆ పని అసూయ చేత చేయిస్తుంది.

కథ క్లుప్తంగా చెబుతాను. ఇరవై ఏళ్ళు దాటీ దాటని ఒక అమ్మాయి, తల్లీ తండ్రీ లేరు, డబ్బు లేదు. మిసెస్ వాన్ హాపర్ అనే డబ్బున్న అమెరికన్ ఆవిడకి తోడుగా ఉండి, చెప్పిన పనులు చేసిపెడుతూ ఏడాదికి 90 పౌండ్ల జీతం తీసుకుంటూ ఉంటుంది. మాంటే కార్లోలో హోటల్లో ఉండగా మాక్సిమ్ డి వింటర్ పరిచయమవుతాడు. వయసు ఆమెకి రెట్టింపు. ఇంగ్లండ్‌లో మాండర్లీ అనే పెద్ద ఎస్టేటుకి యజమాని. భార్య రెబెకా ఏడాది కిందట పడవ మునిగి చనిపోయిందని అందరూ చెప్పుకుంటూ ఉంటారు. కొన్ని వారాల్లోనే ఆయన ఈ అమ్మాయిని పెళ్లి చేసుకుంటానంటాడు. ఎలా అడుగుతాడో చూడండి. పొద్దున టిఫిన్ చేస్తూ, వాన్ హాపర్‌తో అమెరికా వెళ్తావా, నాతో మాండర్లీకి వస్తావా, తేల్చుకో అంటాడు. ఈ పిల్ల, మీకు సెక్రటరీ లాంటి మనిషి ఎవరైనా కావాలా అని అడుగుతుంది. పిచ్చిదానా, పెళ్లి చేసుకోమంటున్నాను అంటాడు. ప్రేమ అనే మాట ఆయన నోట రాదు. ఆమె అది గమనిస్తుంది, వెంటనే తనకు తానే సర్దిచెప్పుకుంటుంది. ఈ సర్దిచెప్పుకోవడం నవల పొడుగునా సాగుతుంది, గుర్తుపెట్టుకోండి.

అక్కడే ఒక చిన్న సన్నివేశం ఉంది. ఆయన వెళ్ళి పక్క గదిలో వాన్ హాపర్‌తో ఈ పెళ్లి సంగతి మాట్లాడుతున్నాడు. ఈ అమ్మాయి ఒక్కతే ఉంది. ఆయన చదవమని ఇచ్చిన కవితల పుస్తకం ఒకటి ఆమె దగ్గరుంది. మొదటి పేజీ మీద రెబెకా తన చేత్తో రాసి ఇచ్చిన మాట ఉంటుంది. మిగతా అక్షరాలన్నీ చిన్నబోయేలా ఏటవాలుగా నిలబడ్డ పెద్ద ఆర్. ఈ పిల్ల గోళ్ళ కత్తెర తీసుకుని ఆ పేజీని అంచు కనబడకుండా జాగ్రత్తగా కోసేస్తుంది. ముక్కలు చేసి బుట్టలో పడేస్తుంది. మళ్ళీ మనసు ఊరుకోక ఆ ముక్కలకి అగ్గిపుల్ల గీసి అంటిస్తుంది. అన్నీ కాలిపోతాయి, చివరికి ఆ ఆర్ అక్షరం మంటలో మెలి తిరిగి, ఒక్క క్షణం ఇంకా పెద్దదై, అప్పుడు బూడిదవుతుంది.

ఇందులో మూడు సంగతులు ఉన్నాయి. పెళ్లికి ఒప్పుకుని గంట కూడా కాలేదు, అప్పుడే భర్తకి తెలియకుండా ఒక పని చేసింది. ఆ పని ఎవరికీ తెలియకుండా చేయడంలో మంచి నేర్పు చూపించింది, మనం అమాయకురాలు అనుకుంటున్న ఈ పిల్లే. ఇక మూడోది, అది చదువుతూ మనం ఒక్క క్షణం కూడా ఆమెని తప్పుపట్టం, పాపం అనుకుంటాం. అంటే కథ మొదట్లోనే మనం ఆమె చేసే దాపరికానికి అలవాటు పడ్డాం. తర్వాత ఆమె ఇంతకన్నా చాలా పెద్దది దాచబోతోంది, అప్పుడు కూడా మనం ఇలాగే పాపం అనుకోబోతున్నాం.

మాండర్లీకి వచ్చాక ఇల్లంతా రెబెకాదే. ఆవిడ వేసుకున్న రెయిన్‌కోటు జేబులో ఆర్ అని కుట్టిన చేతిరుమాలు, ఆవిడ పెట్టిన పూలు, ఆవిడ చెప్పిపెట్టిన వంటల పద్ధతి. మొదటి రోజు పొద్దున్నే ఈ కొత్త భార్య రెబెకా కూర్చునే గదిలో, రెబెకా బల్ల ముందు కూర్చుని ఉండగా ఫోన్ మోగుతుంది. మిసెస్ డి వింటర్ ఉన్నారా అని అవతలి గొంతు. ఈమె తడబడి, పొరపాటు పడ్డారండీ, మిసెస్ డి వింటర్ పోయి ఏడాది దాటింది అని చెప్పేస్తుంది. అవతల మాట్లాడుతున్నది ఆ ఇంటి పెత్తనమంతా చూసే మిసెస్ డాన్వర్స్. ఆ రోజు వంట గురించి కొత్త యజమానురాలిని అడగడానికి ఇంట్లోంచే చేసిన ఫోన్ అది. మిసెస్ డి వింటర్ ఇప్పుడు తనే అన్న సంగతి ఆమెకే గుర్తు లేదు. పైగా నవల మొత్తంలో ఈ అమ్మాయి సొంత పేరేమిటో రచయిత్రి చెప్పదు. చనిపోయిన మనిషి పేరు పుస్తకం అట్ట మీద ఉంది, బతికున్న మనిషికి పేరు లేదు.

మన ఇళ్ళల్లో రెండో పెళ్లి చేసుకుని వచ్చిన ఆడవాళ్ళు కొందరికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. హాల్లో దండ వేసిన ఫోటో, ‘పెద్దావిడ ఉండగా ఇలా చేసేవాళ్ళం’ అని మాట వరసకి అన్నట్టు అనే ఆడపడుచు. ఎదుట ఉన్న సవతితో పోట్లాడొచ్చు, ఆవిడ తప్పులు కనబడతాయి, ఆవిడ కూడా ముసలిదవుతుంది. లేని సవతికి వయసు రాదు, తప్పు దొరకదు.

రాసేవాళ్ళు ఇక్కడ నేర్చుకోవలసింది ఒకటుంది. నవలలో మొదటి సగంలో నిజానికి జరిగేది చాలా తక్కువ. ఎవరో వస్తారు, టీ తాగుతారు, వెళ్తారు. పింగాణీ బొమ్మ ఒకటి పగులుతుంది, ఈమె ఆ ముక్కల్ని పనివాళ్ళకి తెలియకుండా సొరుగులో వెనక్కి తోసి దాచేస్తుంది, తన సొంత ఇంట్లో. అంతే. అయినా చదువుతుంటే టెన్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే జరగనివన్నీ ఆమె బుర్రలో జరుగుతుంటాయి. చుట్టాలు ఇంటికి వెళ్తూ కార్లో తన గురించి ఏమనుకుంటారో, వంటింట్లో పనివాళ్ళు తన బట్టల గురించి ఏమని నవ్వుకుంటారో, మాటకి మాట అన్నీ ఊహించుకుంటుంది. అసూయపడే మనిషికి సాక్ష్యాలు అక్కర్లేదు కదా, సగం వాక్యం వినబడితే చాలు, మిగతాది తనే పూర్తి చేసుకుంటుంది. ఆ పూర్తి చేసుకోవడాన్నే డ్యూ మోరియే కథగా నడిపింది. మనకి కథ చెబుతున్నది ఆ అమ్మాయే కాబట్టి ఆమె ఊహ ఏదో, జరిగింది ఏదో మనకీ కలిసిపోతుంది.

ఒక రాత్రి భోజనం దగ్గర ఈమె తనే రెబెకా అయినట్టు ఊహించుకుంటూ కూర్చుంటుంది. రెబెకా ఎలా నవ్వేదో, ఫోన్ వస్తే ఎలా లేచి వెళ్ళేదో. తెలియకుండానే మొహంలో ఆ కవళికలు వచ్చేస్తాయి. మాక్సిమ్ చూసి ఉలిక్కిపడి, ఏం ఆలోచిస్తున్నావ్ అని గద్దిస్తాడు. తర్వాత ఆయన చెప్పే మాట సారాంశం ఇది: భర్త కూడా తండ్రి లాంటివాడే, కొన్ని సంగతులు నీకు తెలియకూడదు, అవి తాళం వేసి ఉంచడమే మంచిది. మొదటిసారి చదివినప్పుడు పెద్దవాడు చిన్నపిల్లని ముద్దుగా మందలించినట్టు ఉంటుంది. కథంతా తెలిశాక అదే పేజీ చదవండి, ఆ తాళం వెనకాల ఏముందో తెలిసి గుండె జల్లుమంటుంది.

మిసెస్ డాన్వర్స్ గురించి ఎక్కువ చెప్పను, సినిమాలు ఆవిణ్ణి ఇప్పటికే చాలా పెద్ద విలన్‌గా చేసేశాయి. ఆవిడ చేసిన మోసం ఒకటి మాత్రం చెప్పాలి. ఇంట్లో వేషాల పార్టీ పెడతారు. గ్యాలరీలో వేలాడుతున్న కరోలిన్ డి వింటర్ చిత్రపటంలో ఉన్న గౌను లాంటిది కుట్టించుకోమని డాన్వర్స్ సలహా ఇస్తుంది. కొత్త పెళ్లికూతురు సంబరంగా అది వేసుకుని మెట్లు దిగుతుంది. కింద నిలబడ్డ భర్త మొహం పాలిపోతుంది, వెళ్ళి మార్చుకో అంటాడు. అంతకుముందు జరిగిన పార్టీలో రెబెకా వేసుకున్నది కూడా అదే వేషం. మర్నాడు డాన్వర్స్ ఆమెని తెరిచిన కిటికీ దగ్గర నిలబెట్టి, నిన్నెవరూ కోరుకోవడం లేదు, దూకెయ్యి అని మెల్లగా చెవిలో చెబుతూ ఉంటుంది. పొగమంచులో దారి తప్పి ఒడ్డుకి తగిలిన ఓడ సాయం కోసం వదిలిన రాకెట్ల చప్పుడుకి ఆ మత్తు వదులుతుంది. ఆ ఓడ కిందికి దిగిన డైవర్‌కే సముద్రం అడుగున రెబెకా పడవ దొరుకుతుంది, దాని లోపల ఒక శవం.

ఇప్పుడు అసలు ఘట్టం. లైబ్రరీలో మాక్సిమ్ నోరు విప్పుతాడు. రెబెకా మునిగి చనిపోలేదు, నేనే తుపాకీతో కాల్చాను, పడవలో పెట్టి అడుగున కన్నాలు పొడిచి ముంచేశాను, రెండు నెలల తర్వాత ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఎవరో అనాథ స్త్రీ శవాన్ని రెబెకాదని చెప్పి పాతిపెట్టించాను అంటాడు. నేనామెని ఎన్నడూ ప్రేమించలేదు, అసహ్యించుకున్నాను అని కూడా అంటాడు. పెళ్లైన అయిదు రోజులకే ఆవిడ ఎలాంటిదో తెలిసిందనీ, లోకం ముందు ఆదర్శ దంపతుల్లా ఉండి, మాండర్లీకి పేరు తెచ్చిపెడితే తన జోలికి రాకూడదన్నది ఆవిడ పెట్టిన ఒప్పందమనీ, తాను ఒప్పుకున్నాననీ చెబుతాడు.

ఇన్ని వాక్యాలు విన్న భార్య చెవికి చేరింది ఒక్కటే. ఆయన రెబెకాని ప్రేమించలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి హంతకుడు, ఆ సంగతి ఆమెకి అంటనే అంటదు. నెలల తరబడి గుండె మీద ఉన్న బరువు దిగిపోయి తేలికపడుతుంది. దుర్మార్గం ఏమిటంటే, మనకీ తేలికపడుతుంది! దాదాపు మూడొందల పేజీలు ఆమె పక్కన కూర్చుని ఆమెతోపాటు కుమిలిపోయాం కదా, ఆయనకి రెబెకా మీద ప్రేమ లేదని తెలిస్తే మనం కూడా ఊపిరి పీల్చుకుంటాం, హత్య అన్న మాట ఎక్కడో వెనకాల ఉండిపోతుంది. ఇంత పెద్ద నేరాన్ని పాఠకుడి చేత ఇంత సులువుగా మింగించిన రచన నేను ఎక్కువ చూడలేదు.

ఆ తర్వాత అంతా వేగమే. విచారణ జరుగుతుంది, రెబెకా కొన్న పడవని మార్చి సిద్ధం చేసి ఇచ్చిన టాబ్ వచ్చి కన్నాలు లోపల్నుంచి పొడిచినవని చెబుతాడు. మీ కాపురం సుఖంగా ఉండేదా అని అడిగేసరికి మాక్సిమ్ సహనం కోల్పోబోతాడు, సరిగ్గా అప్పుడే ఈమె స్పృహ తప్పి పడిపోతుంది. చివరికి ఆత్మహత్య అని తీర్పు. రెబెకా ప్రియుడు ఫేవెల్ ఒప్పుకోడు, డబ్బు కోసం బెదిరిస్తాడు. నిజం బయటపడితే ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఉరిశిక్షే. రెబెకా చనిపోయిన రోజు లండన్‌లో ఒక డాక్టర్ని కలిసిందని తెలిసి అందరూ అక్కడికి వెళ్తారు. ఆ కారు ప్రయాణమంతా మనం కోరుకునేది ఒక్కటే, ఆ డాక్టర్ ఏదో ఒకటి చెప్పి ఈయన్ని బయటపడేస్తే బాగుండు అని. ఆయన చెబుతాడు కూడా: ఆవిడకి కాన్సర్, కొద్ది నెలలే బతికేది, పిల్లలు పుట్టే అవకాశం కూడా లేదు. ఆత్మహత్యకి కారణం దొరికింది. మాక్సిమ్ బయటపడ్డాడు.

పుస్తకం మూసేశాక అయినా ఒక ప్రశ్న రావాలి కదా. రెబెకా చెడ్డదని మనకి చెప్పింది ఎవరు? ఆవిణ్ణి చంపినవాడే. ఈ ప్రశ్న వేసినవాళ్ళు కొందరు ఇంకొంచెం ముందుకెళ్ళి, మాక్సిమ్ చెప్పిందంతా కట్టుకథే, రెబెకా స్వేచ్ఛ కోరుకున్న స్త్రీ మాత్రమే అంటారు. నేను అంతవరకు వెళ్ళలేను. నవలలో వేరే సాక్ష్యాలున్నాయి. సముద్రపు ఒడ్డున తిరిగే బెన్ అనే అమాయకుడు ఉన్నాడు, తనని పిచ్చాసుపత్రిలో వేయిస్తానని ఆవిడ బెదిరించిందని భయంభయంగా చెబుతాడు, వాడికి అబద్ధం చెప్పే తెలివి లేదు. ఆవిణ్ణి ప్రాణంగా పెంచిన డాన్వర్సే, ఆవిడ మగవాళ్ళందర్నీ ఆటవస్తువుల్లా చూసి నవ్వుకునేదని, చిన్నప్పుడు గుర్రాన్ని రక్తం కారేలా కొట్టిందని గర్వంగా చెబుతుంది. అంచేత రెబెకా క్రూరురాలు కాదని నేననను. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆవిడ ఎలాంటిదన్న ప్రశ్నకి జవాబు దొరగ్గానే, ఆవిణ్ణి చంపొచ్చా అన్న ప్రశ్న మనం వేసుకోవడం మానేశాం.

ఆయనకి వేరే దారి లేదా అంటే, ఉంది. ఇంగ్లండ్‌లో వ్యభిచారం కారణంగా విడాకులు ఎప్పటినుంచో దొరికేవి, 1937లో వచ్చిన చట్టంతో క్రూరత్వం లాంటి కారణాలు కూడా చేరాయి. మాక్సిమ్‌కి కావలసింది విడాకులు కాదు. కోర్టులో పరువు పోతుంది, పత్రికల్లో పడుతుంది, మాండర్లీ పేరు చెడుతుంది. ఆ ఇంటి పరువు కోసం ఏళ్ళ తరబడి అబద్ధపు కాపురం చేశాడు, ఆ పరువుకే ముప్పు వచ్చిందనుకున్న రాత్రి కాల్చాడు. రెబెకా ఆ రాత్రి, నాకు పుట్టబోయే బిడ్డ వేరొకడిదైనా నీ పేరుతో పెరిగి మాండర్లీకి వారసుడవుతాడు అని రెచ్చగొట్టింది మరి.

ఇది ఎక్కడో ఇంగ్లండ్ సంగతి అనుకోకండి. 1959లో బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి తన భార్య ప్రియుణ్ణి రివాల్వర్‌తో కాల్చి చంపినప్పుడు జూరీ నిర్దోషి అంది, ‘బ్లిట్జ్’ పత్రిక ఆయన వైపు నిలబడి రాసింది, జనం జేజేలు కొట్టారు. హైకోర్టు ఆ తీర్పు కొట్టేసి యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది, 1964లో క్షమాభిక్ష దొరికింది. ఇక ఈ రోజుల్లో భార్య మీద అనుమానంతో చంపేశాడన్న వార్త వస్తే, మనలో ఎంతమంది మొదట అడిగేది ‘ఆవిడ ఎలాంటిది?’ అని కాదు? మనింట్లో పెద్దవాళ్ళు కూడా అడుగుతారు, చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతారు. అందుకే ఈ నవల మీద నాకింత పట్టింపు. ఆ ప్రశ్న ఎంత తేలిగ్గా మన నోట్లోకి వస్తుందో ఇది పట్టి చూపిస్తుంది.

రచయిత్రికి ఈ విషయం ఎక్కడ దొరికిందో కూడా చెప్పాలి. డ్యూ మోరియే భర్త బ్రౌనింగ్ సైనికాధికారి. ఈజిప్టులో అలెగ్జాండ్రియాలో ఆయనకి పోస్టింగ్, అక్కడి ఎండలో, ఇంటి మీద బెంగతో 1937లో ఈ నవల మొదలుపెట్టింది. ఆయనకి అంతకుముందు జాన్ రికార్డో అనే అందగత్తెతో నిశ్చితార్థం అయ్యి తప్పిపోయింది. ఆ పాత బంధం తన మనసులో పెట్టిన ముల్లే ఈ కథకి విత్తనమని డ్యూ మోరియే తర్వాత ఒప్పుకుంది. మాండర్లీకి మూలం కార్న్‌వాల్‌లో ఫోయీ దగ్గరున్న మెనబిల్లీ అనే పాత ఇల్లు. పెళ్లికి ముందే దాన్ని చూసి మనసు పారేసుకుంది, 1943లో లీజుకి తీసుకుని పాతికేళ్ళకి పైగా అందులో ఉంది. మాక్సిమ్‌కి ఇంటి మీద ఉన్న పిచ్చి ఆవిడకి బాగా తెలుసు, అది ఆవిడదే. అందుకే ఆయన్ని ఒట్టి దుర్మార్గుడిగా రాయలేదు.

సినిమాల సంగతి వస్తుంది కాబట్టి. 1940లో హిచ్‌కాక్ తీసినదానికి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమాల ప్రకారం భార్యని చంపినవాడు శిక్ష పడకుండా సుఖంగా ఉండకూడదు. దాంతో రెబెకా తూలిపడి తలకి దెబ్బ తగిలి చనిపోయినట్టు మార్చారు. సినిమా గొప్పదే, కాదనను, కానీ ఆ మార్పుతో ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికెళ్ళిపోవచ్చు. నవల చదివినవాళ్ళకి ఆ నిశ్చింత లేదు. హిందీలో 1964లో ‘కోహ్రా’ అని ఇదే కథ ఆధారంగా వచ్చింది, అందులో కొత్త భార్య వహీదా రెహ్మాన్. మన ‘రోజులు మారాయి’లో ‘ఏరువాక సాగారో’ పాటకి ఆడిన అమ్మాయే. ఇంటి పెద్ద దిక్కుగా ఉండే ముసలావిడ పాత్రలో లలితా పవార్ భయపెడుతుంది.

ఇక ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. చాలామంది గబగబా దాటేసే రెండో అధ్యాయం ఉంది. కథంతా అయిపోయాక వాళ్ళిద్దరూ ఎలా బతుకుతున్నారో అందులో ముందే చెప్పేసింది రచయిత్రి. మాండర్లీ తగలబడిపోయింది. విదేశాల్లో చిన్న హోటళ్ళలో ఉంటారు. ఈమె ఇంగ్లిష్ పత్రికలు తెప్పించి ఆయనకి క్రికెట్ స్కోర్లు చదివి వినిపిస్తుంది. ఏ వార్త చదవాలో, ఏది చదవకూడదో తనే చూసుకుంటుంది, ఆయనకి ఇల్లు గుర్తొచ్చే పేరా వస్తే దాటేస్తుంది. ఒకప్పుడు ఆయన, కొన్ని సంగతులు నీకు తెలియకూడదన్నాడే, ఇప్పుడు ఆయనకి ఏం తెలియాలో ఈమె నిర్ణయిస్తోంది. మేం సుఖంగానే ఉన్నాం అంటుంది. ఎవరూ అడగకుండానే అంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట నమ్ముతాం, ఎందుకంటే అప్పటికి మనకేమీ తెలియదు. మీలో పుస్తకం ఇప్పటికే చదివినవాళ్ళు ఈ రాత్రి ఇంటికెళ్ళి ఆ ఒక్క అధ్యాయం మళ్ళీ చదవండి. ఆవిడ ఆ మాట నమ్మే అంటోందా, పేజీ కోసినప్పటిలా అంచు కనబడకుండా ఏదైనా కోసేసి మనకి చెబుతోందా అన్నది మీకెలా అనిపించిందో నాకు వినాలనుంది. ఇప్పుడు మీరు అడగండి, ముందుగా వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి మైకు ఇవ్వండి.